కిక్కు లూజయింది సరే, బోరే పోయిందని ఎలా తేల్చారు?

ఈసారి ఉత్తరం కోటబొమ్మాళి దగ్గర పల్లె నుంచి. పేరు వేయవద్దన్నారు. కాస్త కుదించి ఇస్తున్నాను.

"మాస్టారూ, టెక్కలిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తున్నాను. నాన్నగారు కొన్న 2007 మోడల్ స్ప్లెండర్ ప్లస్ మీదే రోజూ రాకపోకలు. మీటరు 86 వేల దగ్గర ఆగిపోయి చాన్నాళ్లయింది. లక్ష ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఈమధ్య కిక్కు కాలికి తగలడమే లేదు, తొక్కితే అలా దిగిపోతోంది. పొద్దున్న పది కిక్కులైనా కొట్టాలి, లేదంటే తోయాలి. తోస్తే వెంటనే అందుకుంటుంది. వేడెక్కాక పర్వాలేదు. స్టార్ట్ అయినప్పుడు కాస్త పొగ వచ్చి ఆగిపోతుంది. నెలకి పావు లీటరు దాకా ఆయిల్ కలుపుతున్నాను. ఇంటావిడని, పాపని ఎక్కించుకుని పర్లాకిమిడి వెళ్తే ఎత్తు వచ్చిన చోట మూడో గేరులో కూడా లాగడం లేదు. టెక్కలిలో ఒక మెకానిక్ 'బోరు అయిపోనాది బాబూ, కిట్టు వెయ్యాల' అని ఎనిమిది వేలు చెప్పాడు. శ్రీకాకుళంలో ఇంకొకతను 'బోరు బాగానే ఉంది, వాల్వులు కాలిపోనాయి, హెడ్డు దించితే చాలు' అని మూడు వేలన్నాడు. ఎవరి మాట నమ్మాలి? అసలు ఈ బండికి ఖర్చు పెట్టవచ్చా, అమ్మేయమంటారా?"

బాబూ, ఇద్దరు చెప్పిందీ జరిగే పనే. బోరు అంటే పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడ, కిట్టు అంటే బ్లాకు, పిస్టన్ కలిపిన సెట్టు, హెడ్డు అంటే వాల్వులుండే పైభాగం. ఎవరూ మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనుకోను. కాకపోతే ఇద్దరూ కిక్కు తొక్కి చూసి చెప్పారు, ఒక్కరూ కొలిచి చెప్పలేదు. ఎనిమిది వేలకీ మూడు వేలకీ మధ్య తేడా ఉన్నప్పుడు కొలవకుండా ఇంజన్ మీద స్పానర్ పెట్టనివ్వకండి.

కంప్రెషన్ తగ్గిందంటే పిస్టన్ నొక్కుతున్న గాలి ఎటో పోతోందని అర్థం. పోవడానికి దారులు ఎక్కువ లేవు. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి కిందికి, ఇన్లెట్ వాల్వ్ దగ్గర నుంచి కార్బురేటర్ వైపు, ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర నుంచి సైలెన్సర్‌లోకి, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్ సందులోంచి బయటికి. అరుదుగా ప్లగ్ మర పాడై అక్కడి నుంచి కూడా పోతుంది. ఏ దారిన పోతోందో ఇంజన్ విప్పకముందే తెలుసుకోవచ్చు. విప్పేశాక అదే సంగతి తేల్చడం కష్టం. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ విప్పితే లోపల ప్రతి వస్తువూ అరిగినట్టే కనబడుతుంది. పిస్టన్ మీద గీతలుంటాయి, వాల్వుల మీద కార్బన్ ఉంటుంది, గాస్కెట్ చిరిగి చేతికొస్తుంది. అప్పుడు మెకానిక్ ఏది చూపించి "ఇదిగో ఇదే" అన్నా మీరు తల ఊపాల్సిందే.

ముందు, తగ్గింది నిజంగా కంప్రెషనేనా అన్నది చూద్దాం. స్ప్లెండర్‌లో కిక్కు బలం నేరుగా క్రాంక్‌కి, అంటే పిస్టన్‌ని ఆడించే ఇరుసుకి వెళ్లదు. గేర్ల మీదుగా క్లచ్‌కి వెళ్లి, క్లచ్ నుంచి క్రాంక్‌కి అందుతుంది. ఈ బండిని న్యూట్రల్‌లోనే కిక్కు కొట్టాలనడం, క్లచ్ పట్టుకుని కొడితే ఇంజన్ తిరగకపోవడం ఇందువల్లే. కాబట్టి క్లచ్ ప్లేట్లు అరిగినా, క్లచ్ కేబుల్ మరీ బిగుతుగా పెట్టినా కిక్కు లూజుగానే దిగుతుంది, ఇంజన్ శుభ్రంగా ఉన్నా సరే. బోరు కిట్టు వేశాక కూడా కిక్కు లూజుగానే ఉందని తలపట్టుకునేవాళ్లలో కొందరి బండి జబ్బు ఇదే.

దీన్ని చూడటం సులువు. ఎడమ వైపు మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి. మధ్యలో ఉన్న పెద్ద మూత తీస్తే క్రాంక్ నట్టు కనబడుతుంది. ఒకరు కిక్కుని చేత్తో మెల్లిగా దించుతుంటే మీరు ఆ నట్టు చూడండి. కిక్కు దిగుతున్నా నట్టు ఆగిపోతే జారుతున్నది క్లచ్. నట్టు ఆగకుండా తిరుగుతూ, ఎక్కడా గట్టిగా తగలకపోతే కంప్రెషన్ లేనట్టే. క్లచ్ లివర్ చివర పది నుంచి ఇరవై మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు చెవి పెట్టి వినడం ఇంకో పద్ధతి. ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్. శబ్దం కూడా వేగంతో పాటే దిగిపోతే ఇంజన్‌లోనే బలం లేదు.

మీ విషయంలో క్లచ్ కాదనే నా అనుమానం. తోస్తే వెంటనే అందుకుంటుందన్నారు కదా, అది పనికొచ్చే సాక్ష్యం. తోసి గేరు వేసినప్పుడు ఇంజన్ కిక్కు కన్నా జోరుగా, ఆగకుండా తిరుగుతుంది. గాలి కారిపోవడానికి వ్యవధి తక్కువ దొరుకుతుంది, కాస్తో కూస్తో కంప్రెషన్ నిలిచి మంట అంటుకుంటుంది. వేడెక్కాక పర్వాలేదన్నది కూడా అటే చూపిస్తోంది. అల్యూమినియం పిస్టన్, ఇనుప లైనర్ కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి వేడి మీద సందు తగ్గుతుంది. గోడలకి ఆయిల్ కూడా తగులుతూ ఉంటుంది. క్లచ్ జారే బండి అయితే వేడెక్కేకొద్దీ ఇంకా విసిగిస్తుంది, మెరుగుపడదు.

పొగ సంగతి. స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోయే నీలం పొగ సాధారణంగా వాల్వ్ సీల్స్‌ది. రాత్రంతా సీలు దాటి కారిన ఆయిల్ పొద్దున్న కాలిపోతుంది. రింగుల పొగ అలా ఆగదు, బరువు మీద లాగేటప్పుడు ఎక్కువవుతుంది. అది నడిపేవాడికి కనబడదు. ఈసారి పర్లాకిమిడి వెళ్లేటప్పుడు వెనక ఇంకో బండి మీద వచ్చేవారిని చూడమనండి. ధనుర్మాసం పొద్దుటి పూట వచ్చే తెల్లటి ఆవిరిని చూసి మాత్రం బెంగపడకండి. కాలిన ఆయిల్ వాసన లేకపోతే అది నీటి ఆవిరే.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పని, అందరూ దాటేసే పని: టాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే రాకర్ మీటల కొసన ఉండే స్క్రూలు చూడటం. కంప్రెషన్ కొలిచే గేజ్ పెట్టకముందే ఇది చేయాలి. టాపెట్ బిగుతుగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది, గాలి అందులోంచి పోతుంది. రింగులు, బోరు ఎంత బాగున్నా గేజ్ తక్కువే చూపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వ్ తన సీటులోకి కొద్దికొద్దిగా దిగిపోయి టాపెట్ దానంతటదే బిగుసుకుంటుంది. దానికి తోడు మన వాళ్లకో అలవాటుంది. ఇంజన్ టకటకమంటోందని కస్టమర్ అంటే చాలు, మెకానిక్ టాపెట్ బిగించి నోరు మూయిస్తాడు. బండి నిశ్శబ్దంగా వెళ్తోందని మనకీ సంతోషం. టకటకమనే టాపెట్ కన్నా అసలు చప్పుడే చేయని టాపెట్‌ని అనుమానించాలి. వాల్వ్ తనకున్న వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకి ఆనినప్పుడే వదిలించుకోగలదు. ఆనకుండా తిరిగితే అంచు కాలిపోతుంది. శ్రీకాకుళం మెకానిక్ చెప్పిన కాలిపోయిన వాల్వులు ఇలాగే పుడతాయి.

ఇది ఇంజన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రి ఆపి పొద్దున్నే చూడాలి. పాత స్ప్లెండర్‌కి రెండు వాల్వులకీ సందు 0.05 మిల్లీమీటర్లు. మీ బండితో ఇచ్చిన పుస్తకం ఇంట్లో ఉంటే అందులోని అంకెనే పట్టుకోండి. హెడ్ మీద ఉన్న రెండు టాపెట్ మూతలు తీయండి, ప్లగ్ కూడా తీసేస్తే ఇంజన్ తిప్పడం తేలిక. మాగ్నెట్ కవర్ మీది చిన్న మూత తీసి, క్రాంక్ నట్టుకి స్పానర్ వేసి ఎడమ వైపు నుంచి చూస్తూ అపసవ్యంగా తిప్పుతూ, మాగ్నెట్ మీది 'టి' గుర్తు కవర్ మీది గంటుకి ఎదురుగా వచ్చేట్టు ఆపండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. 'టి' గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. రాకర్లు రెండూ చేతివేలితో కదిపితే కాస్త కదలాలి. కదలకపోతే ఇంకో చుట్టు తిప్పి మళ్లీ చూడండి. అక్కడ కూడా ఏదైనా రాకర్ బిగుసుకునే ఉంటే దొంగ దొరికినట్టే. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట) లో 0.05 రేకు సందులో దూరి, లాగుతుంటే కొంచెం పట్టుకున్నట్టు రావాలి. దూరకపోతే లాక్ నట్టు వదులు చేసి సరిచేయండి. నట్టు బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడండి, ఎందుకంటే బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగి లెక్క మారిపోతుంటుంది. ఈ ఒక్క పనితో కిక్కు తిరిగొచ్చే బండ్లు ఉన్నాయి.

తర్వాత కంప్రెషన్ గేజ్. స్ప్లెండర్ ప్లగ్ మర పది మిల్లీమీటర్లది, కార్ల వాళ్ల గేజ్ నేరుగా పట్టదు, అడాప్టర్ కావాలి. చేత్తో నొక్కి పట్టుకునే రబ్బరు కోన్ గేజ్‌లు ఈ బండికి వద్దు. ఎంత నొక్కినా పక్క నుంచి గాలి పోతుంది.

కొలిచే తీరు ఇది. బండి పది నిమిషాలు నడిపి వేడి చేసి, తాళం ఆఫ్ చేసి, ప్లగ్ తీసి గేజ్ బిగించండి. తీసిన ప్లగ్‌ని దాని క్యాప్‌లోనే ఉంచి ఇంజన్ లోహానికి ఆనించండి. చోక్ ఆఫ్‌లో ఉంచండి. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పెరగదు అనేదాకా కిక్కు కొట్టండి. యాక్సిలరేటర్ తిప్పడం మర్చిపోతే లోపలికి గాలే వెళ్లదు, మంచి ఇంజన్ కూడా సగం చూపించి భయపెడుతుంది.

ఈ సైజు ఇంజన్‌లో 150 పీఎస్ఐ, అటు ఇటుగా వస్తే ఆరోగ్యం బాగుందనుకోవచ్చు. 100కి దిగితే ఎక్కడో కారుతోంది. ఆ అంకెల్ని నేను మరీ పట్టుకు వేళ్లాడను, కారణం ఉంది. మీ ఇంజన్ 97.2 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి దాదాపు 9:1. అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు పైన మిగిలే ఖాళీ పన్నెండు మిల్లీలీటర్లే, దగ్గు మందు సీసా మూతంత. గేజ్ గొట్టంలో ఉన్న ఖాళీ కూడా దానికి కలిసిపోతే అంకె పడిపోతుంది. గాలిని వెనక్కి రానివ్వని వాల్వ్ గొట్టానికి ప్లగ్ వైపు కొసన ఉంటే ఇబ్బంది లేదు. మీటర్ దగ్గర ఉంటే మాత్రం ఆ గేజ్ మీ బండికి అన్యాయం చేస్తుంది. దీనికో దారి ఉంది. మీ ఊళ్లో ఇంకో స్ప్లెండర్ ఉండకపోదు. బాగా నడుస్తున్నది, అదే తరం ఇంజన్ ఉన్నది చూసి, అదే గేజ్‌తో, అదే మనిషి కాలితో కొలవండి. దానికి 145, మీకు 85 వస్తే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. దానికి 110, మీకు 100 వస్తే తప్పు గేజ్‌ది.

చివరి అంకె ఒక్కటే కాదు, ముల్లు ఎక్కే తీరు కూడా చూడండి. మొదటి కిక్కుకి కొంచెం, తర్వాత ప్రతి కిక్కుకీ మెట్టు మెట్టుగా పెరుగుతూ పోతే రింగుల మీద అనుమానం. మొదటి కిక్కుకే తక్కువ వచ్చి, ఎన్ని కొట్టినా పెద్దగా పెరగకపోతే వాల్వుల మీదా, గాస్కెట్ మీదా అనుమానం. ఇది అనుమానమే, తీర్పు కాదు.

ఇక్కడ మెకానిక్‌లు ఇష్టపడే పరీక్ష ఒకటుంది. ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు పోయాయనీ, పెరగకపోతే వాల్వులనీ అంటారు. సూత్రం తప్పు కాదు, ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందు మూస్తుంది. కానీ మీ బండికి ఇది పెట్టి బోరు అరిగిందని తేల్చేస్తే నేను ఒప్పుకోను. పైనున్న ఖాళీ పన్నెండు మిల్లీలీటర్లని చెప్పుకున్నాం. చెంచా అంటే అయిదు. అది పోసేసరికి ఖాళీ ఏడుకి దిగి, నిష్పత్తి తొమ్మిది నుంచి పద్నాలుగు దాటిపోతుంది. రింగులు ఎలా ఉన్నా, వాల్వులు ఎలా ఉన్నా ముల్లు పెరుగుతుంది. పెద్ద సిలిండర్ల కోసం పుట్టిన చెంచా ఇది. పైగా స్ప్లెండర్ సిలిండర్ నిలువుగా ఉండదు, దాదాపు పడుకుని ఉంటుంది. పోసిన ఆయిల్ కింది వైపు చేరుతుంది, పై సగం రింగులకి అందదు. కాబట్టి పెరిగినా నమ్మలేం, పెరగకపోయినా నమ్మలేం. చేసి తీరాలంటే సిరంజితో ఒకటి, రెండు మిల్లీలీటర్లు మాత్రమే వేసి, గేజ్ బిగించకముందు కిక్కుని చేత్తో నాలుగుసార్లు తిప్పి, అప్పుడు కొలవండి.

దానికన్నా నేను నమ్మేది గాలి పరీక్ష. ఇంజన్ తిప్పడం ఉండదు. బయటి నుంచి గాలి ఎక్కించి ఎటు పోతుందో వినడమే. కావలసింది పంచర్ షాపు కంప్రెసర్, ఒక అడాప్టర్. పాత ప్లగ్‌లో పింగాణీ తీసేసి, ఆ గుల్లకి పిన్ను తీసేసిన ట్యూబ్ వాల్వ్‌ని బ్రేజింగ్ చేయించుకుంటే అడాప్టర్ తయారు. లేత్ పని చేసే వాళ్లెవరైనా చేసిపెడతారు.

ముందు చెప్పినట్టే 'టి' గుర్తుకి తెచ్చి, రాకర్లు రెండూ కదులుతున్నాయని చూసుకోవాలి. ఈ ఒక్క మాట మర్చిపోయి ఎగ్జాస్ట్ చివర్లో గాలి పెడితే వాల్వులు తెరుచుకునే ఉంటాయి, గాలి రెండు వైపులా పోయి లేని జబ్బు కనబడుతుంది. టాప్ గేరు వేసి, ఒకరిని వెనక బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచమనండి. 30 పీఎస్ఐ చాలు. తక్కువే కదా అనిపించవచ్చు కానీ, 50 మిల్లీమీటర్ల పిస్టన్ మీద ఆ గాలి దాదాపు నలభై కిలోల బలంతో తోస్తుంది. పిస్టన్ ఒక వెంట్రుక అటు ఇటు అయితే ఇంజన్ గిర్రున తిరుగుతుంది. అందుకే క్రాంక్ నట్టు మీద స్పానర్ వదిలేసి గాలి పెట్టవద్దు. అది ఎవరి మణికట్టుకో తగులుతుంది.

ఇక వినండి. పెట్రోల్ పైపు ముక్క ఒకటి చెవి దగ్గర పెట్టుకుని రెండో కొస ఒక్కో చోట ఆనించండి. ఆయిల్ గడ తీసిన రంధ్రంలో బుస్సుమంటే గాలి రింగులు దాటి కిందికి వస్తోంది. రింగ్ కొసల మధ్య సందు ఎంత కొత్త ఇంజన్‌లోనైనా ఉంటుంది కాబట్టి అక్కడ సన్నటి చప్పుడు మామూలే, రంధ్రం మీద పెట్టిన అరచేతికి గాలి తోస్తున్నట్టు తెలిస్తే అది మామూలు కాదు. కార్బురేటర్ మూతి దగ్గర వినబడితే ఇన్లెట్ వాల్వ్. సైలెన్సర్ కొసన వినబడితే ఎగ్జాస్ట్ వాల్వ్. హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య కీలు చుట్టూ, ప్లగ్ మొదట్లో సబ్బు నీళ్లు రాస్తే అక్కడ కారేది బుడగలై కనబడుతుంది. సైలెన్సర్‌లో గాలి వినబడిన వెంటనే హెడ్ దించేయకండి. వాల్వ్ కింద చిన్న కార్బన్ పెళ్ల ఇరుక్కున్నా అలాగే ఉంటుంది. రాకర్ మీద ప్లాస్టిక్ సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేసి మళ్లీ వినండి, లేదా బండి ఒకసారి నడిపి వచ్చి మళ్లీ పెట్టండి.

ఇదంతా మీరే చేయాలని కాదు. టాపెట్ల దాకా మీరు చేసుకోగలరు. గేజ్, గాలి పరీక్ష మీ ఇద్దరు మెకానిక్‌లలో ఎవరు మీ కళ్ల ముందు చేస్తానంటే వారికి బండి ఇవ్వండి. "ఇవన్నీ ఎందుకు బాబూ, నా అనుభవం సాలదా" అనే మనిషికి దాని కూలి అదనంగా ఇస్తానని చెప్పి చూడండి. అప్పటికీ కాదంటే వేరే షాపు చూసుకోవడమే.

నా అంచనా అడుగుతారు, చెబుతాను. ఆయిల్ నెలకి పావు లీటరు తగ్గడం, చల్లగా ఉన్నప్పుడు కిక్కు లేకపోవడం, వేడి మీద మెరుగుపడటం, రోజూ తిరిగేది గ్రానైట్ పొడిలో కావడం, ఈ నాలుగూ కలిపి చూస్తే టెక్కలి మెకానిక్ మాటే నిజమయ్యేట్టుంది. రింగులు, బోరు అరిగాయి. పొద్దుటి పొగ చూస్తే వాల్వ్ సీల్స్ కూడా అయిపోయినట్టున్నాయి. కానీ గాలి పరీక్షలో ఆయిల్ గడ రంధ్రం ఊరుకుని సైలెన్సర్ బుస్సుమంటే నా అంచనా పక్కన పెట్టేసి శ్రీకాకుళం మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఏదైనా గానీ, తేలేదాకా వారానికోసారి ఆయిల్ గడ చూస్తూ ఉండండి. ఈ ఇంజన్‌లో పట్టేదే లీటరు లోపు. పావు లీటరు తగ్గిందంటే తక్కువేం కాదు, పైన వాల్వుల్ని తెరిపించే కామ్‌కి ఆయిల్ అందకపోతే ఖర్చు రెట్టింపవుతుంది.

రింగులే అని తేలితే, విప్పేటప్పుడు దగ్గరుండండి. బ్లాకు తీశాక పైఅంచు దగ్గర లోపలి గోడ మీద గోరు పెట్టి కిందికి లాగండి. రింగులు తిరిగే మేర అరిగి, వాటి పైన తిరగని చోట అంచు మిగిలి ఉంటే గోరుకి మెట్టులా తగులుతుంది. తర్వాత రింగుని పిస్టన్ నుంచి తీసి, బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి తోసి, రింగ్ కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టి చూడమనండి. అర మిల్లీమీటరు దాటిందంటే దాని పని అయిపోయినట్టే. బోరుని బోరింగ్ షాపులో బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిపించండి. మీ బండికి అసలు బోరు 50 మిల్లీమీటర్లు. గుండ్రం తప్పినా, పైన ఎక్కువ కింద తక్కువ అరిగినా కొత్త రింగులు అతకవు.

"రింగులు మార్చేస్తే సరిపోద్ది, తక్కువలో అయిపోద్ది" అనే మాట ఇక్కడ వస్తుంది. అరిగి అద్దంలా నునుపెక్కిన బోరులో కొత్త రింగులు ఎప్పటికీ కుదురుకోవు, మూడు నెలలకి మళ్లీ ఇదే కథ. బోరు కొలత లిమిట్ లోపలే ఉంటే హోనింగ్ చేయించి, అంటే గోడని సన్నగా గరుకు చేయించి రింగులు వేయవచ్చు. దాటితే ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి, 0.25, 0.50 అలా దొరుకుతాయి. పిస్టన్ ముందు కొని, దాన్ని చేతికిచ్చి, దాని కొలతకి బోరు చేయించాలి. పిస్టన్ తర్వాత చూద్దాంలే అంటే ఒప్పుకోకండి. లేదంటే బ్లాకు, పిస్టన్ కలిపి కొత్త కిట్టు వేయించుకోవచ్చు. బోరింగ్ చేసే చెయ్యి మంచిదైతే పాత బ్లాకుకే బోరింగ్ నాకు ఇష్టం. పేరూ ఊరూ లేని కిట్టు కన్నా కంపెనీ వాళ్ల పాత బ్లాకు ఇనుము మేలు.

హెడ్ ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి దాన్ని వదలకండి. ప్లగ్ బిగించి, తిరగేసి, వాల్వులు కదలకుండా వాటి మీది గుంటలో కిరోసిన్ పోసి కాసేపు ఉంచితే గాలి, పొగ వెళ్లే పోర్టుల్లోకి ఊరుతోందో లేదో కనబడుతుంది. ఊరితే వాల్వ్ గ్రైండింగ్. వాల్వ్ సీల్స్ ఎలాగూ మార్చాలి. ఎనిమిది వేలలో ఇవన్నీ ఉన్నాయా, బోరింగ్ కూలి విడిగానా, గాస్కెట్లు విడిగానా అన్నది ముందే మాట్లాడుకోండి. తీసిన పాత సామాను సంచిలో వేసి ఇమ్మని అడగండి.

అంతకన్నా ముఖ్యమైనది మీ మెకానిక్‌లిద్దరూ అడగని ప్రశ్న. బోరు ఎందుకు అరిగింది? మైలేజీ ఒక్కటే కారణం కాకపోవచ్చు. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, అది బోరు ఇనుము కన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ పక్క నుంచి కొంచెం దూరినా ఆయిల్‌తో కలిసి లోపల సాన పడుతుంది. ఫిల్టర్ బాక్స్ నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం విప్పి, దాని లోపలి వైపు తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద మట్టిరంగు చార వచ్చి, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడితే పొడి ఫిల్టర్‌ని దాటి వస్తోంది. పదిహేనేళ్లు దాటిన రబ్బరు క్లిప్పు కింద పగిలి ఉంటుంది, బయటికి కనబడదు. గొట్టం, క్లిప్పు కొత్తవి వేయించి, ఫిల్టర్‌ని పుస్తకంలో రాసిన గడువుకి సగానికే శుభ్రం చేయడమో మార్చడమో చేయండి. కంప్రెసర్ గాలితో ఊదేసి మళ్లీ పెట్టేసే అలవాటుంటే మానుకోండి, కాగితం ఫిల్టర్ అలాగే చిరుగుతుంది. యూనిట్‌లో బండి కట్టింగ్ షెడ్డుకి గాలి పోయే వైపు కాకుండా గాలి వచ్చే వైపు పెట్టుకోవడం ఉచితం.

కొత్త పిస్టన్ వేశాక మొదటి అయిదు వందల కిలోమీటర్లు యాభై దాటకండి, ఒకే వేగంలో గంటల తరబడి పోకండి, పర్లాకిమిడి ముగ్గురితో వద్దు. అయిదు వందలకి ఆయిల్ మార్చేయండి.

ఇక అమ్మాలా, ఉంచాలా. ఎనిమిది వేలు పెట్టినా ఇంకో అయిదారేళ్లు తిరిగే బండే ఇది, సామాను మన ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే కిక్కు తొక్కి చూసిన ప్రతివాడూ బోరు పేరు చెప్పి ధర కోస్తాడు. కాబట్టి నేనైతే ఉంచుకుంటాను. కానీ ఒక్క కాగితం చూశాకే. 2007 బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు 2022లోనే నిండిపోయింది. నాన్నగారు రెన్యువల్ చేయించారా? చేయించి ఉంటే అది అయిదేళ్లకే వస్తుంది, 2027లో మళ్లీ రవాణా ఆఫీసుకి తీసుకెళ్లాలి. చేయించకపోతే ఆలస్యానికి కట్టేది, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ లెక్క వేసి మెకానిక్ చెప్పిన ఎనిమిది వేలకి కలపండి. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే మార్పిడి ఖర్చు కూడా అందులో వేయండి. ఆ మొత్తం చూసుకుని, గేజ్ అంకె, మీ ఊరి రెండో స్ప్లెండర్ అంకె, గాలి ఏ రంధ్రంలో వినబడిందో రాసి పంపండి.